బడికి మాన్యము



ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచిన విషయము మీరెరుగనిది కాదు. ఊరి నడుమ రావిచెట్టు ప్రక్కనో, ఊరి చివర చెరువుగట్టు క్రిందనో ఉన్న మీ సర్కారు బడిని గురించియే నా ప్రసంగము. మండల పరిషత్తు వారిదనియో, జిల్లా పరిషత్తు వారిదనియో, పురపాలక సంఘము వారిదనియో బోర్డు మీద ఏ పేరు వ్రాసియున్నను, అది మనందరి సొమ్ముతో నడువవలసిన బడి. అట్టి బడిలో చదువుకొన్నవారు మీలో అనేకులుందురు. మీ పిల్లలు నేడు అందులోనే చదువుచుండవచ్చును; లేదా, తెల్లవారుసరికి పసుపుపచ్చని వ్యానెక్కి పొరుగు పట్టణపు కాన్వెంటుకు పోవుచుండవచ్చును. ఏ పక్షమువారైనను కొంతసేపు దయచేసి వినుడు.

నేను చెప్పదలచినది ఒక్కటే మాట. వెనుకకు త్రిప్పి చదువుకొనుటకు ఇది పుస్తకము కాదు గనుక, ఆ మాటనే నడుమ నడుమ మరల చెప్పుచుందును, విసుగుకొనవద్దు. బడిని కట్టుటకు మన ప్రభుత్వములకు ధనము దొరకుచున్నది. కట్టిన బడిని దినదినము నడుపుటకు దొరకుట లేదు.

ఈ విషయమున మన పూర్వులు మనకంటె ముందుచూపు గలవారు. కాకతీయుల కాలములో రాజుగాని, సేనానిగాని, ఊరి వర్తకుడుగాని గుడి కట్టించినప్పుడు, శిఖరముపై కలశము నిలిపి, తన పేరు రాతి మీద చెక్కించుకొని ఊరకుండలేదు. దీపమునకు నేయి ఎక్కడనుండి వచ్చును, నైవేద్యమునకు బియ్యమెవరిత్తురు, అర్చకుడేమి తిని బ్రతుకును, ప్రాంగణము నూడ్చువాని కూలి ఎవరిచ్చెదరు అని ఆలోచించి, అఖండదీపమునకు ఇన్ని గొఱ్ఱెలనియు, నైవేద్యమునకు ఇన్ని మర్తురుల భూమియనియు విడిగా ఏర్పాటు చేసి, ఆ ఏర్పాటును గూడ అదే శాసనమున వ్రాయించినాడు. గుడితోపాటు మాన్యము. మాన్యము లేని గుడి నాలుగేండ్లలో గబ్బిలముల పాలగునని ఆ దాత ఎరుగును. మనము బడులు కట్టుచున్నాము; మాన్యము మాత్రము ఇచ్చుట లేదు.

ఇప్పుడు ఒక బడిని మనసులో ఊహించుకొనుడు. ఐదు తరగతుల ప్రాథమిక పాఠశాల. పిల్లలు ఇరువది ఎనమండుగురు. గోడలకు క్రొత్తగా రంగులు వేసినారు. గోడ మీద ఒక ప్రక్క అక్షరమాల, ఒక ప్రక్క భారతదేశపు పటము. చూచుటకు ముచ్చటగానే ఉన్నది. ఈ బడి ఏడాది పొడవునా నడుచుటకు సమగ్ర శిక్ష అను ప్రభుత్వ పథకము క్రింద వచ్చు గ్రాంటు ఎంతో తెలియునా? ముప్పైమంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు. నెలకు తొమ్మిది వందలైనను కాదు. ముప్పైమంది దాటి నూరుగురి లోపు ఉన్నచో 25,000. ఈ సొమ్ములోనే సుద్దముక్కలు, హాజరుపట్టీలు, చీపుళ్లు, ఫినాయిలు. ఈ సొమ్ములోనే నీళ్ల మోటారు కాలిపోయినచో మరమ్మతు, తలుపు గడియ ఊడినచో వడ్రంగి కూలి. పంద్రాగస్టు నాడు పిల్లల చేతిలో పెట్టు మిఠాయి గూడ ఈ సొమ్ములోనిదే. అదియైనను జూన్ నెలలో బడి తెరచునాటికి చేతికి వచ్చునా యనగా, విడతలుగా వచ్చును. విద్యాసంవత్సరము సగము గడచిన పిమ్మట మొదటి విడత వచ్చుటయు క్రొత్త కాదు. అంతవరకు ప్రధానోపాధ్యాయుడు తన జేబులోనుండి తీసి పెట్టవలెను. పెట్టగలవాడు పెట్టును. పెట్టలేనివాని బడిలో మోటారు ఆగిపోయియే యుండును.

ఇంతటి ఉదారముగా గ్రాంటు నిచ్చి, దానిలో పదవవంతు పారిశుద్ధ్యమునకే ఖర్చు చేయవలెనని నిబంధన గూడ పెట్టినారు. 10,000లో పదవవంతు 1,000. ఏడాదికి. ఈ నిబంధన వ్రాసిన అధికారి గృహమున స్నానాలగదికి ఏడాదికి ఎంత ఫినాయిలు పట్టునో ఎవరైనను అడిగి తెలిసికొనిన బాగుండును.

పారిశుద్ధ్యపు మాట వచ్చినది గనుక అక్కడనే కొంచెము నిలుతము. 2019 నవంబరు 14వ తేదీన ఒంగోలులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘మన బడి నాడు–నేడు’ అను కార్యక్రమమును ప్రారంభించినది. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము ‘మన ఊరు – మన బడి’ని వనపర్తిలో ప్రారంభించినది. రెండును వేల కోట్ల రూపాయల పనులు. ఫ్యానులు తిరిగినవి, బల్లలు వచ్చినవి, మరుగుదొడ్లకు పింగాణీ పలకలు పరచినారు, ప్రహరీగోడలు లేచినవి. వీనిని ఎవరు చేసినను మెచ్చుకొనవలసినదే. నేల మీద కూర్చుండి వ్రాసికొన్న పిల్లవాడు బల్ల మీద కూర్చుండుట చిన్న సంగతి కాదు. అయితే పింగాణీ పలకలు పరచిన మరుగుదొడ్డిని రేపు కడుగునదెవరు? ఎల్లుండి కడుగునదెవరు? ఆయా జీతము ఏ పద్దులోనుండి వచ్చును?

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి కనుగొన్న ఉపాయము వినుడు. బిడ్డను బడికి పంపు తల్లికి ఏడాదికి 15,000 రూపాయలిత్తుమని ‘అమ్మ ఒడి’ పథకము పెట్టినారు. తరువాత ఆ పదునైదు వేలలో 1,000 మరుగుదొడ్ల నిర్వహణకని తగ్గించినారు. అటుపైన బడి నిర్వహణకని ఇంకొక 1,000. ప్రభుత్వము మారినది, పథకము పేరు ‘తల్లికి వందనం’ అయినది. 2025లో తల్లి ఖాతాలో పడినది 13,000. మిగిలిన 2,000 మరల బడి నిర్వహణకే. నేను ఏ పార్టీనీ తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. ఒకరు పోయి ఒకరు వచ్చినను ఈ ఒక్క పద్ధతి మారలేదనుటయే నా మాట. తల్లి చేతిలో పెట్టిన సొమ్ములోనుండి చీపురు కట్టకు తీసికొనవలసి వచ్చినదనగా, రాష్ట్రపు బడ్జెట్టులో చీపురు కట్టకు చోటు లేదనియే గదా అర్థము! తెలంగాణలో కరోనా కాలమున బడుల స్వీపర్లను తొలగించి, ఆ పనిని గ్రామపంచాయతీల మీదికి నెట్టినారు. పంచాయతీ మనిషి వచ్చిననాడు వచ్చినాడు, రానినాడు లేదు. చాలచోట్ల ఉపాధ్యాయులే చందాలు వేసికొని ఒక మనిషిని పెట్టుకొన్నారు. ఎట్టకేలకు 2024లో పారిశుద్ధ్యమునకు, నిర్వహణకు నెలనెలా గ్రాంటు నిచ్చుటకు ఉత్తరువులు వెలువడినవి. ఆ ఉత్తరువును నేను మనసారా అభినందించుచున్నాను. అది నెలనెలా తప్పక అందినచో ఇంకను అభినందింతును.

ఎనిమిదవ తరగతి, తొమ్మిదవ తరగతి చదువు ఆడపిల్లల తల్లులకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. మరుగుదొడ్డికి తాళము వేసియున్న బడిలో ఆ పిల్ల ప్రొద్దుననుండి నీళ్లు త్రాగక కూర్చుండును. నెలలో కొన్నినాళ్లు ఇంటనే నిలిచిపోవును. ఆ నాళ్లలో చెప్పిన లెక్కలు ఆమెకు రావు. పరీక్ష తప్పినప్పుడు మాత్రము ‘ఈ పిల్లకు చదువు అంటలేదు’ అని అందరము తీర్పు చెప్పుదుము.

ఇక మధ్యాహ్నపు అన్నము. వండిన అన్నమే పెట్టవలెనని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించిన పిదప, 2003 నుండి మన బడులలో పొయ్యి వెలిగినది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. గోదావరి లంకలలో దారినపోవు ఆకలివానికి వేళకాని వేళ అన్నము వడ్డించిన ఆ మహాతల్లి పేరు ఈ పథకమునకు తగినదే. అయితే నేటి సీతమ్మలెట్లున్నారో చూచితిమా? బడిలో వంట చేయు స్త్రీకి కేంద్రము నిర్ణయించిన గౌరవవేతనము నెలకు 1,000 రూపాయలు. అది 2009 నాటి లెక్క. ఆనాటినుండి నేటివరకు బియ్యము ధర మారినది, గ్యాసు ధర మారినది, మంత్రులు మారినారు. ఆ వేయి రూపాయలు మాత్రము మారలేదు. మన రెండు రాష్ట్రములును తమ సొమ్ము కలిపి దానిని 3,000 చేసినవి. అదియైనను దినమునకు లెక్కగట్టినచో ఉపాధి హామీ పనికి వచ్చు దినకూలిలో సగమునకు తక్కువ. పైగా ఏడాదికి పది నెలలే. పప్పుకు, కూరగాయలకు, కట్టెలకు బిల్లులు వచ్చువరకు ఆమెయే కొట్టులో అరువు పెట్టవలెను. మూడు నెలల బిల్లు నిలిచిపోయినచో కొట్టువాడు అరువు ఆపును; అప్పుడు పప్పులో నీళ్లు పెరుగును. పిల్లవాడు ఇంటికి పోయి ‘అమ్మా, చారు బాగాలేదే’ అనును. మరునాడు బడి కమిటీవారు వచ్చి వంటమనిషిని గద్దింతురు. బిల్లు నిలిపినవాడెవడో ఆ పిల్లవానికీ తెలియదు, కమిటీవారికీ తెలియదు.

చూచితిరా? వంటశాల కట్టుటకు ధనము దొరకినది. పొయ్యి మండుటకు దొరకుట లేదు.

అన్నిటికంటె పెద్ద కొరత ఇంకొకటి కలదు. అది మనిషి కొరత. మన రెండు రాష్ట్రములలోను ఏకోపాధ్యాయ పాఠశాలలు వేల సంఖ్యలో ఉన్నవి. ఒక్క ఉపాధ్యాయుడు, ఐదు తరగతులు. ప్రతి బడికి కనీసము రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెనని 1987లోనే ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ పేర నిశ్చయించుకొన్న దేశము మనది. అరువదిమంది పిల్లలవరకు ఇద్దరు ఉపాధ్యాయులు తప్పక ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టమున గూడ వ్రాసికొన్నాము. అయినను ఆ ఒక్కడే ఒకటవ తరగతివారికి ‘అ’ దిద్దించుచు, ఐదవ తరగతివారికి భిన్నములు చెప్పుచు, నడుమ లేచిపోయి బియ్యము తూచి యిచ్చి, వడ్డించిన గుడ్డును ఫోటో తీసి యాప్‌లో ఎక్కించి, సిగ్నలు లేక బడివెనుక దిబ్బ ఎక్కి నిలుచుండి, తిరిగి వచ్చుసరికి మూడవ తరగతివారు పలకలతో యుద్ధము చేయుచుందురు. ఎన్నికలు వచ్చినచో ఓటర్ల జాబితా; జనగణన వచ్చినచో ఇంటింటి లెక్క. ఆయనకు జ్వరము వచ్చినచో బడికే జ్వరము.

ఉపాధ్యాయుల నియామకము సంగతియు ఒక మాట చెప్పవలెను. తెలంగాణలో 2017 నాటి పెద్ద నియామకము తరువాత మరల పెద్ద డీఎస్సీ 2024లో జరిగినది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తరువాత 2025లో. రెండుచోట్లను ఏడేండ్లు. ఆ మొదటి డీఎస్సీనాడు ఒకటవ తరగతిలో చేరిన పిల్ల, మరల డీఎస్సీ వచ్చునాటికి ఎనిమిదవ తరగతికి వచ్చినది. ఆమె బాల్యపు చదువంతయు ఖాళీ కుర్చీ ముందు జరిగినదన్నమాట. ఖాళీ కుర్చీకి జీతమియ్యనక్కరలేదు, ఖజానాకు మిగులే. ఆ మిగులును ఎవరి పద్దునుండి తీసినారో ఆ పిల్లను అడిగిన తెలియును.

‘ధనము లేదయ్యా, ఏమి చేయుదుము’ అను మాట మీరు వినియే యుందురు. ఈ మాటకు నూరేండ్లు దాటినవి. 1911లో గోపాలకృష్ణ గోఖలే మహాశయుడు సామ్రాజ్య శాసనమండలిలో ఒక బిల్లు ప్రవేశపెట్టినాడు. అది మిక్కిలి వినయముతో కూడిన బిల్లు. ఒక్కసారిగా దేశమంతట నిర్బంధవిద్య పెట్టుమని ఆయన కోరలేదు. బడులు కొంత వ్యాపించినచోట, స్థానిక సంస్థలు ఇష్టపడినచో, ఆరేండ్లు మొదలు పదేండ్ల మగపిల్లలకు పెట్టవచ్చునన్నాడు. ఖర్చులో రెండు పాళ్లు సర్కారుదనియు, ఒక పాలు స్థానిక సంస్థదనియు పంచినాడు. 1912 మార్చిలో ఆ బిల్లును 38 ఓట్లతో త్రోసిపుచ్చినారు. అనుకూలముగా వచ్చినవి 13. చెప్పిన సాకులలో ఒకటి ఏదనుకొందురు? ధనము. తెల్లదొరల సర్కారు కాబట్టి అట్లన్నదని మనము సరిపెట్టుకొన్నాము.

స్వరాజ్యము వచ్చినది. రాజ్యాంగము వ్రాసికొన్నాము. దానిలోని 45వ అధికరణమున, పదునాలుగేండ్లవరకు గల పిల్లలందరికి ఉచిత నిర్బంధవిద్యను పదేండ్లలోపల సమకూర్చుటకు రాజ్యము యత్నింపవలెనని వ్రాసినారు. ఆదేశికసూత్రములలో ఇన్నేండ్లలోపల చేయవలెనని గడువు పెట్టినది ఆ ఒక్కదానికే. గడువు 1960తో తీరినది. పని తీరలేదు. మరల ముప్పైమూడేండ్లకు, 1993లో, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను వ్యాజ్యములో, పదునాలుగేండ్లవరకు చదువు ప్రాథమిక హక్కేయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మన రాష్ట్రపు పేరు మోసికొన్న ఆ వ్యాజ్యము నిజమునకు ప్రైవేటు కాలేజీల ఫీజుల తగవు! ధనవంతుల బిడ్డల కాలేజీ ఫీజులను గురించి వాదించుకొనుచుండగా, బీదవాని బిడ్డ చదువుకు హక్కు దొరకినది. 2002లో రాజ్యాంగమును సవరించి, 2009లో చట్టము చేసి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు తెచ్చినారు. గోఖలే బిల్లు ఓడిపోయిన దినమునకు ఇది తొంబదియెనిమిదేండ్ల దూరము.

ఇక ఎంత ధనము కావలెనన్న ప్రశ్న. ఈ లెక్కయు ఎప్పుడో కట్టియున్నది. దౌలత్ సింగ్ కొఠారీ అధ్యక్షతన 1964లో నియమింపబడిన సంఘము 1966లో నివేదిక నిచ్చుచు, జాతీయాదాయములో నూటికి ఆరు వంతులు విద్యకు వెచ్చింపవలెనన్నది. 1968 నాటి విద్యావిధానము ఆ ఆరింటినే అంగీకరించినది. 1986 నాటిది మరల అంగీకరించినది. 2020 నాటిది ఇంకొకసారి అంగీకరించినది. అంగీకరించుటలో మనవారికి ఎన్నడును లోభము లేదు. ఆ ఆరింటిని ఒక్క ఏడైనను అందుకొనలేదు.

పోనీ, జనులు పన్ను కట్టుట లేదా? 2004 నుండి విద్యకని ప్రత్యేకముగా సెస్సు వసూలు చేసినారు. నేడును ఆదాయపు పన్నుపై నూటికి నాలుగు చొప్పున ఆరోగ్యము, విద్య అను పేర్లతో తీసికొనుచునే ఉన్నారు. ‘నాకు ఆదాయపు పన్ను పడదు, నేను కూలివాడను’ అందువా తమ్ముడా? ఉప్పుకు పన్ను లేదు గాని, నీవు కొన్న సబ్బుకున్నది. నీ బిడ్డ బడికి నీవు కట్టవలసినది కట్టియే యున్నావు. బడిని ధర్మముగా పెట్టినారని ఎవరైనను అన్నచో నమ్మవద్దు. అది నీవు ముందుగా సొమ్ము చెల్లించి తెచ్చుకొనవలసిన సరుకు.

ఇప్పుడు ఎదుటి పక్షపు వాదమును వినుట న్యాయము. ‘సర్కారు పంతుళ్లకు జీతములెన్నో వేలు; విద్యకిచ్చు సొమ్ములో పెద్దపాలు జీతములకే పోవుచున్నది; అయినను జనము తమ పిల్లలను ప్రైవేటుకే పంపుచున్నారు; ఓటి కుండలో నీళ్లు పోయనేల?’ అని వారందురు. మొదటి రెండు మాటలు నిజమే. బడికి చుట్టపుచూపుగా వచ్చిపోవు ఉపాధ్యాయులు లేకపోలేదు. అట్టివారిని నేను వెనుకవేసుకొని రాను. కాని జీతములకు పోగా మిగిలినది చిల్లర యగుటచేతనే బడి నడుచుట లేదని గదా నా మొర. జీతము తగ్గించి సుద్దముక్క కొనుమని ఎవరును అనరు. రెండు సంచులును వేరువేరుగా నిండవలెను.

సర్కారు చేయి పెట్టినదెల్ల చెడిపోవునను వారిని ఒక్కసారి ఒకనాటి నల్లగొండ జిల్లాలోని సర్వేలు దాక తీసికొనిపోవలెనని నాకుండును. 1971లో పి.వి.నరసింహారావుగారు అక్కడ గురుకుల పాఠశాలను పెట్టించినారు. తరువాత గుంటూరు జిల్లాలో తాడికొండ, నాటి అనంతపురము జిల్లాలో కొడిగెనహళ్లి. అది సర్కారు సొమ్మే, సర్కారు జీతమే. విశేషమెక్కడున్నదనగా, పిల్లవానికి దినదినము అయ్యే ఖర్చును, తిండి మొదలు నోటుపుస్తకమువరకు లెక్కగట్టి, పాఠమునకొక పంతులును పెట్టి, దానికి సరిపడు ధనమును ఏటేట ఇచ్చినారు. అనగా గుడితోపాటు మాన్యమిచ్చినారు. ఆ బడులలో సీటు కొరకు ఊళ్లకు ఊళ్లు ప్రవేశపరీక్షలు వ్రాసినవి. 1984లో సాంఘిక సంక్షేమ గురుకులములు వచ్చినవి. నిజామాబాదు జిల్లా పాకాల అను పల్లెలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన మాలావత్ పూర్ణ, తాడ్వాయి గురుకులమున చదువుచు, పదునాలుగేండ్లు నిండకముందే 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమెక్కినది. ఆ గురుకులములందును ధనము సన్నగిల్లినప్పుడు ఏమగునో మీరెరుగుదురు: ధరలు పెరిగి డైటు చార్జీలు పెరగక యేండ్లు గడచినవి, అన్నము వికటించి పిల్లలు ఆసుపత్రుల పాలైన వార్తలు వచ్చినవి, తెలంగాణలో 2024లో ఆ చార్జీలను నూటికి నలుబది చొప్పున పెంచినారు. ఇచ్చిననాడు నిలిచినది, ఈయనినాడు చెడినది. ఇంతకంటె పరీక్ష ఏమి కావలెను?

జనము ప్రైవేటుకు పోవుచున్నారన్న మాటకు వత్తును. పోవుచున్నారు, పోవుటలో వారి తప్పు లేదు. తన ఊరి బడిలో ఐదు తరగతులకు ఒక్క పంతులున్నప్పుడు, పుస్తెలతాడు కుదువబెట్టియైనను పిల్లవానిని వ్యానెక్కించు తల్లిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. అయితే పోయినవారితోపాటు బడినుండి ఇంకొకటి గూడ పోవుచున్నది. ఊరి సర్పంచి కొడుకు, పంతులుగారి కూతురు, ఎరువుల కొట్టువాని మనుమడు ఆ బడిలో చదువునప్పుడు, మోటారు కాలినచో మూడవనాటికి బాగయ్యెడిది. వారు వెళ్లిపోయిన పిదప మిగిలినవి అడుగనేరని ఇండ్లు. కొఠారీ సంఘము ఇది ముందే గ్రహించి, ఒక పేటలోని పిల్లలందరు ఒకే పొరుగు బడిలో చదువవలెనన్నది. ఆరు వంతుల మాటనైనను అప్పుడప్పుడు తలచుకొందురు గాని, ఈ మాటను తలచువారే కానరారు.

పిల్లలు తగ్గినారని పంతుళ్లను తీసివేయుదురు. పంతుళ్లు లేరని పిల్లలు తగ్గుదురు. పిల్లలు తగ్గినారని బడిని మూడు కిలోమీటర్ల దూరపు బడిలో విలీనము చేయుదురు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్న సామెత ఇట్టిచోటనే పుట్టియుండవలెను. మన పొరుగున కామరాజు నాడారుగారు 1954లో మద్రాసు రాష్ట్రపు ముఖ్యమంత్రి అయినప్పుడు, అంతకుముందు మూసివేసిన వేల బడులను తెరపించినారు. పిల్లలు ఆకలితో బడికి రాలేరని అన్నము గూడ పెట్టించినారు. ఆనాటి మద్రాసు నేటి మన రాష్ట్రములకంటె ధనిక రాష్ట్రమేమియు కాదు.

కావున శ్రోతలారా, మరల ఆ మాటయే. బడిని కట్టుటకు ధనము దొరకుచున్నది, నడుపుటకు దొరకవలెను. ప్రతి తరగతికి ఒక ఉపాధ్యాయుడు. ఖాళీ అయిన కుర్చీ ఆ వేసవిలోనే నిండుట. ఆయాకు, వంట చేయు తల్లికి నెల మొదట జీతము. జూన్ నెలలోనే గ్రాంటు. ఇవి కోరికలు కావు, రావలసిన బాకీలు.

ఈ బాకీని అడుగుటకు దారి చట్టములోనే ఉన్నది. విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రతి సర్కారు బడికి ఒక యాజమాన్య కమిటీ ఉండవలెను. అందులో నాలుగింట మూడు పాళ్లు తల్లిదండ్రులే. సభ్యులలో సగము స్త్రీలు. బడికి వచ్చిన గ్రాంటు ఎట్లు ఖర్చయినదో చూచు అధికారము ఆ కమిటీది. అంతకంటె ముఖ్యము, బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేయవలసినది ఆ కమిటీయే. ప్రభుత్వమిచ్చు గ్రాంట్లకు ఆ ప్రణాళికయే ఆధారమని చట్టము చెప్పుచున్నది. చాలచోట్ల ఏమి జరుగుచున్నదనగా, పంతులుగారే పాత కాగితమునకు క్రొత్త తేదీ వేసి, సంతకములకని ఇంటికి పంపుదురు. మనము పొలమునకు పోవు తొందరలో వ్రేలిముద్ర వేసి పంపుదుము.

ఈసారి అట్లు చేయకుడు. బడ్జెట్టు శాసనసభకు వచ్చునది ఫిబ్రవరి, మార్చి నెలలలో. అందుచేత సంక్రాంతి లోపల ఒక ఆదివారము కమిటీలోని తల్లులందరు బడిలో కూర్చుండుడు. మొదట మూడు సంగతులు అడుగుడు: మన బడికి గ్రాంటు ఎంత వచ్చినది, ఏ తేదీన వచ్చినది, ఇంకను ఎంత రావలెను? పంతులుగారు చెప్పుటకు వెనుకాడరు; ఆయన బాధయు అదే. పిమ్మట బడి నడుచుటకు నెలకు ఏమేమి కావలెనో మీ ఇంటి లెక్క వేసికొన్నట్లే వేసి, నీళ్ల మోటారు మొదలు రెండవ ఉపాధ్యాయునివరకు ప్రణాళికలో వ్రాయింపుడు. దానికి మూడు ప్రతులు తీయించి, ఒకటి మండల విద్యాధికారి కార్యాలయమున ఇచ్చి, రెండవదానిపై ముద్రతో రసీదు వేయించుకొని బడి బీరువాలో పెట్టుడు. మూడవది మీ శాసనసభ్యుడు బడ్జెట్టు సమావేశములకు బయలుదేరుటకు ముందే అతని చేతికి అందవలెను. ఆయన ఇంట లేడన్నచో మరునాడు మరల పోవుడు.